గుణదల విగ్రహం సరే, గేటు దగ్గర నూనె సీసా సంగతేంటి?

మా పట్టణ పాస్టర్ల ఫెలోషిప్ అధ్యక్షులకు, కార్యదర్శి గారికి, సభ్యులైన దైవసేవకులందరికీ ప్రభువు నామంలో వందనాలు.

నేను మీ సంఘాల్లో ఒకదానిలో సండే స్కూల్ పిల్లలకు పాఠాలు చెప్పుకునే మనిషిని. పేరు రాయడం లేదు. రాస్తే అసలు విషయం పక్కకు పోయి, ఈవిడ ఎవరి మనిషి, ఏ సంఘం వాళ్ళు రాయించారు అన్న చర్చ మొదలవుతుంది. మన ఊళ్ళో ఆ చర్చలు ఇప్పటికే ఎక్కువ.

ఈ ఫిబ్రవరిలో మీరందరూ కలిసి పెట్టిన ఉజ్జీవ కూటాల్లో ఒక రాత్రి అంశం విగ్రహారాధన. సరిగ్గా విజయవాడ గుణదల కొండ మీద మేరీమాత తిరునాళ్ళ ముందు పెట్టారు కాబట్టి ప్రసంగం ఎటు వెళ్తుందో అందరికీ తెలుసు. అటే వెళ్ళింది. కాలినడకన విజయవాడ పోయేవాళ్ళ మీద, కొండెక్కి కొవ్వొత్తులు వెలిగించేవాళ్ళ మీద, తలనీలాలు ఇచ్చేవాళ్ళ మీద చాలాసేపు మాట్లాడారు. వాళ్ళు మొక్కే తీరును స్టేజీ మీద అభినయించి చూపించారు కూడా. జనం నవ్వారు. నా పక్కన కూర్చున్నావిడ పుట్టింటివాళ్ళు ఆర్‌సీఎం, అంటే రోమన్ కాథలిక్కులు. ఆవిడ మాత్రం పమిట చెంగు సర్దుకుంటూ కిందికి చూస్తూ కూర్చుంది.

కూటం అయ్యాక బయటికి వస్తుంటే గేటు పక్కన బల్ల, బల్ల మీద ట్యూబులైటు, దాని కింద నూనె సీసాలు. దగ్గు మందు సీసా అంత ఉంటుంది ఒక్కోటి. లేబుల్ మీద ఒక పక్క సిలువ, ఒక పక్క సేవకుని ఫోటో, ఫోటోయే కాస్త పెద్దది. అడుగున, రోగికి నూనె రాసి ప్రార్థించమన్న వచనం, యాకోబు 5:14 అని రిఫరెన్స్. ధర అని రాయలేదు, కానుక అని రాసి పక్కన అంకె వేశారు. పెద్ద సీసాకు పెద్ద అంకె. పక్కనే మడతపెట్టిన తెల్ల రుమాళ్ళు, ప్రార్థించినవి. అప్పటిదాకా రాతిలో ఏముంది అని ఆమెన్ కొట్టినవాళ్ళే అక్కడ లైను కట్టారు. ఒకాయన చిల్లర లేదంటే సీసాలు పెట్టినబ్బాయి ఫోన్‌పే ఉందన్నాడు.

నా ప్రశ్న ఒక్కటే. మేరీమాత విగ్రహం విషయంలో మీరు పట్టుకున్న కొలత ఈ సీసాకు ఎందుకు పట్టరు?

ఎవరూ తొందరపడి నన్ను ఆర్‌సీఎం పక్షం చేయొద్దు. నిర్గమకాండం 20వ అధ్యాయం నేనూ పిల్లలచేత కంఠతా చెప్పిస్తాను. పైన ఆకాశంలో గానీ కింద భూమ్మీద గానీ ఉన్న దేని రూపాన్నీ చేసుకుని సాగిలపడొద్దన్న మాట మీద నాకు రెండో ఆలోచన లేదు. కానీ అదే నిర్గమకాండం 25కి వస్తే అదే దేవుడు ధర్మశాస్త్రపు పలకలు దాచే పెట్టె, అంటే మందసం, దాని మూత మీద రెండు బంగారు కెరూబులు, రెక్కలున్న దూతల రూపాలు, చేయమంటాడు. సొలొమోను మందిరంలో ఒలీవ కర్రతో చేసిన కెరూబులు, ఇత్తడి సముద్రం కింద పన్నెండు ఎద్దులు. ఒక పిల్లాడు క్లాసులో నన్ను ఇదే అడిగాడు, చేయొద్దన్న దేవుడే చేయమన్నాడేంటి టీచర్ అని. వస్తువు చేయడం తప్పు కాదు, దాన్ని నమ్ముకోవడం తప్పు అని చెప్పాను. ఆ జవాబు తప్పయితే నన్ను దిద్దండి. ఒప్పయితే మాత్రం అది గుణదల కొండకే కాదు, గేటు దగ్గర బల్లకీ వర్తిస్తుంది.

ఇత్తడి సర్పం సంగతి మీకు నేను చెప్పాల్సిన పని లేదు. మోషే చేశాడు, దేవుడే చేయమన్నాడు, పాము కాటు తిని దాన్ని చూసినవాళ్ళు బతికారు. కొన్ని వందల ఏళ్ళ తర్వాత జనం దానికి ధూపం వేస్తున్నారని హిజ్కియా రాజు దాన్ని ముక్కలు చేయించాడు, దేవుడు చేయించిన వస్తువైనా సరే. పవిత్ర చరిత్ర ఉంది కదా, మ్యూజియంలో పెడదాం అనుకోలేదు.

అంతకంటే నన్ను ఎక్కువ భయపెట్టేది మొదటి సమూయేలు 4వ అధ్యాయం. ఫిలిష్తీయులతో యుద్ధంలో నాలుగు వేలమంది పోయారు. పెద్దలు కూర్చుని ఎందుకు ఓడిపోయామని ఒక్క మాట అడిగి, జవాబు కోసం ఆగకుండా, షిలోహు నుంచి మందసం తెప్పిద్దాం, అది మనల్ని కాపాడుతుంది అన్నారు. మందసంతోపాటు హొఫ్నీ, ఫీనెహాసు కూడా వచ్చారు, బలి మాంసంలో దేవుని వాటా కంటే ముందు తమ వాటా లాక్కునే యాజకులు. మందసం దండులోకి రాగానే భూమి దద్దరిల్లేలా కేకలు వేశారు. మన కూటాల్లో వినపడే కేకల్లాంటివే అయివుంటాయి. ఆ రోజు ముప్పై వేలమంది కూలారు, ఇద్దరు యాజకులూ చచ్చారు, మందసం శత్రువు చేతికి పోయింది. అది నకిలీ మందసం కాదు, లోపల ధర్మశాస్త్రపు పలకలున్న అసలు మందసమే. దేవుని పేరున్న వస్తువును తాయెత్తులా వాడుకోబోతే దేవుడు దాన్ని పోగొట్టుకోవడానికైనా సిద్ధపడ్డాడు. ఈ అధ్యాయం మీద ఉజ్జీవ కూటంలో ఒక్క ప్రసంగమైనా నా చెవిన పడలేదు.

ఇక అపొస్తలుల కార్యములు 19. రుమాలు గురించి అడిగితే మీరు చూపించేది ఇదే కదా. పౌలు ఒంటికి తగిలిన చేతిగుడ్డలు, నడికట్లు రోగుల దగ్గరికి తీసుకెళ్తే రోగాలు పోయాయని 12వ వచనంలో ఉంది. ఉంది, కాదనను. కానీ అయ్యగార్లూ, అది ఒక్క వచనం. అధ్యాయం అంతా చదివితే ఎఫెసు పట్టణం మొత్తం కళ్ళముందుకొస్తుంది. జనం తీసుకెళ్ళారని ఉందే గానీ పౌలు పంచాడని లేదు. అమ్మాడని అసలే లేదు. ఆ తర్వాతి వచనాల్లోనే స్కెవ అనే యూదు యాజకుడి కొడుకులు ఏడుగురు యేసు పేరును మంత్రంలా వాడబోయి, బట్టలు చిరిగి, గాయాలతో ఇంట్లోంచి పారిపోయారు. పేరు సరైనదే, వాడిన తీరే తప్పు. అది చూసి భయపడిన విశ్వాసులు తమ దగ్గరున్న మాంత్రిక పుస్తకాలు తెచ్చి అందరి ముందూ తగలబెట్టారు. లెక్క వేస్తే యాభై వేల వెండి రూకలు. సువార్త వచ్చిన ఊళ్ళో మహిమగల వస్తువుల వ్యాపారం కాలి బూడిదైందని లూకా రాశాడు.

అక్కడితో ఆగలేదు. దేమేత్రి అనే కంసాలి, అర్తెమిదేవి వెండి గుళ్ళు చేయించి అమ్మేవాడు, తోటి పనివాళ్ళను పోగేసి గోల మొదలుపెడతాడు. అతని మొదటి బాధ దేవత గురించి కాదు. ఈ పని వల్లే మనకు బాగా గడుస్తోంది, ఇది పోతుంది అన్నది ముందు. దేవత గౌరవం సంగతి తర్వాత వచ్చింది. చివర్లో ఊరి కరణం జనాన్ని సముదాయిస్తూ అన్నది నాకు చాలా ఇష్టం: వీళ్ళు గుడి దోచినవాళ్ళు కాదు, మన దేవతను దూషించినవాళ్ళూ కాదు. ఆ ఊళ్ళో అన్నేళ్ళు ప్రకటించినా పౌలు తోటివాళ్ళ గురించి ఒక అన్య అధికారి ఇవ్వగలిగిన సర్టిఫికెట్ అది. మన స్టేజీల గురించి మన ఊరి అధికారి ఎవరైనా ఆ మాట అనగలడా? చేతిగుడ్డల పక్కనే ఇవన్నీ ఉన్నాయి. 12వ వచనం మాత్రం బల్ల మీదికి ఎక్కింది, మిగతావి ఎక్కలేదు.

ఇంకోటి కూడా గమనించండి. ఎవరి చేతిగుడ్డ తగిలితే రోగాలు పోయాయో ఆ పౌలే, తన శిష్యుడు తిమోతికి కడుపు బాగోలేదంటే చేతిగుడ్డ పంపలేదు, కొంచెం ద్రాక్షారసం పుచ్చుకో అని రాశాడు. తనతో తిరిగిన త్రోఫిముకు జబ్బు చేస్తే మిలేతులో విడిచిపెట్టి వచ్చానని దాపరికం లేకుండా ఒప్పుకున్నాడు. మన కూటాల్లో ఏ సేవకుడైనా మైకులో, మా సంఘ పెద్దకు జబ్బు తగ్గలేదు, ఆస్పత్రిలో ఉంచి వచ్చాను అని చెప్పగలడా? చెబితే మర్నాడు బల్ల మీద సీసాలు కదులుతాయా?

వస్తువు మీద మక్కువ మనిషికి సహజమే. సిరియా సేనాధిపతి నయమాను కుష్ఠు నుంచి బాగయ్యాక ఇశ్రాయేలు మన్ను రెండు కంచరగాడిదలు మోసేంత అడిగాడు. ఎలీషా ప్రవక్త మూఢనమ్మకం అని తిట్టలేదు, సమాధానంగా వెళ్ళు అన్నాడు. కానీ ఆ మన్నుకు రూపాయి తీసుకోలేదు, ముందే ఇవ్వబోయిన కానుకలనూ ఒద్దన్నాడు. వెనకాల పరిగెత్తి వెండి, బట్టలు పుచ్చుకున్నవాడు ఎలీషా పనివాడు గేహజీ. ఆ సాయంత్రానికి నయమాను కుష్ఠు ఎవరికి అంటుకుందో సండే స్కూల్లో ఏ పిల్లాడినడిగినా చెబుతాడు.

ఇప్పుడు ఆర్‌సీఎం వాళ్ళ సంగతికొద్దాం. స్టేజీ మీద వాళ్ళ గురించి చెప్పినదాంట్లో సగం వాళ్ళు నమ్మేది కాదు. విగ్రహాలు పెట్టుకోవచ్చా లేదా అని వాళ్ళు మనకంటే చాలా ముందే కొట్టుకున్నారు, రక్తాలు కూడా కారాయి. 787లో నికయలో జరిగిన సభ, ప్రతిమకు ఇచ్చే గౌరవం వేరు, దేవుడికి మాత్రమే చెందే ఆరాధన వేరు అని గీత గీసింది. లూథర్ తిరుగుబాటు తర్వాత 1563లో ట్రెంట్ సభ ఇంకా సూటిగా రాసింది: ప్రతిమల్లో దైవత్వం గానీ శక్తి గానీ ఉందని నమ్మకూడదు, వాటిని ఏదీ కోరకూడదు, వాటి మీద నమ్మకం పెట్టుకోకూడదు. 1983 నాటి వాళ్ళ చర్చి చట్టంలో 1190వ నిబంధన పునీతుల అవశేషాలను అమ్మడం పూర్తిగా నిషేధించింది. వాళ్ళు గీసిన గీత సరైనదేనా అన్నది వేరే చర్చ, నాకూ అభ్యంతరాలున్నాయి. కానీ గీత ఉంది, రాతపూర్వకంగా ఉంది. మన నూనెకు, రుమాలుకు అలాంటి గీత ఎక్కడుంది? ఈ నూనెలో శక్తి ఉందని నమ్మకూడదు అని ఏ ఫెలోషిప్ తీర్మానం చేసింది?

గుణదల మాత అంటే లూర్దు మాత. 1924లో ఆర్లాటి అనే ఫాదర్ గారు అక్కడ విగ్రహం పెట్టించారు. పండుగ లూర్దు మాత రోజైన ఫిబ్రవరి 11న చేసేది అందుకే. ఫ్రాన్సులోని లూర్దులో 1858లో బెర్నడెట్ అనే అమ్మాయికి మరియ కనిపించిందని వాళ్ళ నమ్మకం. మనం నమ్మం, సరే. కానీ స్వస్థత సాక్ష్యాల విషయంలో అక్కడ ఏం చేస్తారో తెలుసుకుంటే మనకు సిగ్గేస్తుంది. 1883 నుంచి అక్కడ డాక్టర్ల ఆఫీసు ఒకటి ఉంది. నాకు బాగైంది అని వచ్చినవాళ్ళ పాత రిపోర్టులు, కొత్త రిపోర్టులు తెప్పించి, ఏళ్ళ తరబడి చూసి, వైద్యంతో వివరించలేమని తేలాకే బిషప్ దగ్గరికి పంపుతారు. ఏళ్ళుగా వేలమంది బాగయ్యామని చెప్పుకున్నారు. 2018లో ప్రకటించినది కేవలం 70వది. మన దగ్గర ఎలా ఉంటుంది? నొప్పి ఉందా అమ్మా, లేదయ్యా, దేవునికి స్తోత్రం, చప్పట్లు. మర్నాడు ఆ అమ్మకు నొప్పి తిరిగొచ్చిందో లేదో అడిగే మనిషి లేడు. వీడియో మాత్రం ఉంటుంది.

గుణదల కొండెక్కే అందరికీ ట్రెంట్ సభ తీర్మానం తెలుసా అని మీరడగొచ్చు. తెలియదు. కొబ్బరికాయ కొట్టి, తలనీలాలిచ్చి, మాత తప్పక ఇస్తుందని మొక్కేవాళ్ళలో హిందువులూ ఉన్నారు, ఆర్‌సీఎం వాళ్ళూ ఉన్నారు. పుస్తకంలో గీత, కొండ మీద జనం, ఈ రెండిటి మధ్య ఉన్న దూరానికి వాళ్ళ విచారణ గురువులు, అంటే ఊళ్ళ ఫాదర్లు, జవాబు చెప్పుకోవాలి. ఆ ఉత్తరం వాళ్ళ సంఘంలోని ఎవరైనా రాస్తే బాగుంటుంది. నేను మనవాళ్ళకు రాస్తున్నాను.

మనలో మనకైనా ఒక్క మాట ఉందా అంటే అదీ లేదు. మీ ఫెలోషిప్‌లో లూథరన్ సంఘం అయ్యగారు కూడా సభ్యులే. 1842లో హేయర్ దొరగారు గుంటూరు వచ్చి మొదలుపెట్టిన సంఘం అది. వాళ్ళ చిన్న ప్రశ్నోత్తరిలో పది ఆజ్ఞల లెక్క ఆర్‌సీఎం లెక్కే. విగ్రహం మాట విడిగా రెండో ఆజ్ఞగా ఉండదు, చివరి ఆజ్ఞను రెండు చేసి పది నింపుతారు. లూథర్ విగ్రహాలు పగలగొట్టినవాడు అని ఆ రాత్రి స్టేజీ మీద చెప్పింది పొరపాటు. 1522లో ఆయన దాక్కున్న కోటలోంచి హడావిడిగా విటెన్‌బర్గ్ తిరిగొచ్చిందే, ఆయన తోటి సంస్కర్త కార్ల్‌స్టాట్ వర్గం వాళ్ళు ఇలాంటి మార్పులన్నీ బలవంతంగా రుద్దుతుంటే ఆపడానికి. సూర్యచంద్రులను కూడా జనం మొక్కుతున్నారు, వాటిని ఆకాశంలోంచి లాగేస్తామా అని ఆ వారం ప్రసంగాల్లో అడిగాడు. ముందు మనసులోంచి తీయండి, గోడ మీది బొమ్మ దానంతటదే పోతుందని ఆయన వాదన. జ్యూరిక్‌లో 1524లో అన్నీ తీసేసి గోడలకు సున్నం కొట్టించిన ఇంకో సంస్కర్త జ్వింగ్లీది వేరే దారి. మన మెదక్ చర్చిలోనే చూడండి. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠించిన ఆ గుడిలో యేసు పుట్టుక, సిలువ, ఆరోహణం రంగు అద్దాల్లో ఉన్నాయి. ఎండ పడితే కళ్ళార్పకుండా చూస్తాం. దాని ముందు ఎవరూ నూనె అమ్మరు, కాబట్టి దాంతో నాకు పేచీ లేదు.

మన ఇళ్ళలోకి వద్దాం. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో పళ్ళెంలో వాగ్దాన కార్డులు తెస్తారు కదా. కళ్ళు మూసుకుని ఒకటి తీసుకుంటాం. ఆ ఏడాదికి అదే మన వాగ్దానం. లామినేషన్ చేయించి బీరువా మీద, వీధి తలుపు మీద అంటిస్తాం. పక్కవాళ్ళకు మంచిది వచ్చిందని, మనకు మామూలుది వచ్చిందని టెన్షన్ పడేవాళ్ళను చూశాను. ఒకావిడ తనకు వచ్చింది నచ్చక పిల్లాడి పేరు చెప్పి ఇంకోటి తీసుకుంది. లోకములో మీకు శ్రమ కలుగును అన్నది కూడా యేసు మాటే. ఆ వాక్యంతో కార్డు ఏ ప్రెస్సులోనూ అచ్చవగా నేను చూడలేదు. చెరలో ఉన్నవాళ్ళకు డెబ్బై ఏళ్ళు ఆగండి అని చెబుతూ యిర్మీయా రాసిన ఉత్తరంలోంచి ఒక్క వాక్యం మాత్రం ఏటా వస్తుంది, డెబ్బై ఏళ్ళు పక్కన పెట్టి. వాక్యం చదవడానికి కార్డు పనికొస్తే సంతోషం. చిలక జోస్యంలా వాడుతుంటే మీరు ఆ రాత్రి రెండు నిమిషాలు ఆగి చెప్పాలి కదా. దిండు కింద బైబిలు, కొత్త బండి హ్యాండిల్‌కు నూనె చుక్క, యొర్దాను నీళ్ళ సీసా, వీటి గురించి వేరే రాయక్కర్లేదు. ఫ్లెక్సీల గురించి కూడా ఎక్కువ రాయను. రూపం చేయొద్దన్న కూటానికే ఊళ్ళో ప్రతి సెంటర్లో పది అడుగుల సేవకుల రూపాలు కట్టారు. అందులో యేసు పేరు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది.

ఇదంతా నేను వేదాంత చర్చ కోసం రాయలేదు. మా వీధిలో ఒకావిడకు షుగర్. కాలి బొటనవేలికి చిన్న పుండు లేచింది. గవర్నమెంటు ఆస్పత్రిలో రోజూ డ్రెస్సింగ్‌కు రమ్మన్నారు. ఆవిడ ఉపవాస కూటంలో సీసా కొనుక్కుని, పొద్దునా రాత్రీ పుండు మీద రాసి, పైన రుమాలు కట్టుకుంది. డ్రెస్సింగ్‌కు వెళ్తే అవిశ్వాసం అవుతుందని ఆవిడకు ఎవరూ చెప్పలేదు, చెప్పరు కూడా. కానీ వెళ్ళమనీ ఎవరూ చెప్పలేదు. వేలు నల్లబడ్డాక కొడుకు ఆటోలో తీసుకెళ్ళాడు. వేలు తీసేశారు. ఇప్పటికీ ఆవిడ నూనెను తప్పుపట్టదు, నా విశ్వాసం చాలలేదు అంటుంది. నాకు కడుపు రగిలింది ఆ మాటకే. వస్తువు పనిచేస్తే ఘనత లేబుల్ మీది ఫోటోకు, పనిచేయకపోతే నింద రోగికి. ఏ విగ్రహం దగ్గరా ఇంతకంటే అన్యాయమైన లెక్క నేను చూడలేదు.

చట్టం మాట కూడా ఒకటి చెప్పాలి, మీలో కొందరికి తెలియకపోవచ్చు. 1954 నుంచి మన దేశంలో మాయా చికిత్సల ప్రకటనలను నిషేధించే చట్టం ఉంది. రోగాలు నయంచేసే మహిమ ఉందంటూ తాయెత్తులు, కవచాలు, మంత్రాలు, అలాంటి వస్తువులను ప్రకటించడం శిక్షార్హం. ఆ చట్టానికి మతం తేడా లేదు. కేసులు పెట్టించాలని నా ఉద్దేశం కాదు. బయటివాళ్ళు వచ్చి అడిగే దాకా మనం మనల్ని అడగకపోతే ఎలా అని.

మీ వైపు ఇబ్బంది నాకు తెలియంది కాదు. మిషన్ సంఘాల అయ్యగార్లకు జీతాలున్నాయి, క్వార్టర్సున్నాయి. సొంతంగా సంఘం పెట్టుకున్న సేవకుడికి షెడ్డు అద్దె, కరెంటు బిల్లు, పిల్లల ఫీజులు అన్నీ పళ్ళెంలో పడ్డదాంట్లోంచే. కూలి పనులు చేసుకునే ముప్పై కుటుంబాల సంఘంలో పళ్ళెంలో ఎంత పడుతుందో ఎవరికైనా తెలుసు. నూనె బల్ల మీద వచ్చేదే చాలామందికి ఆధారమని ఒక సేవకుని భార్య నాతో చెప్పింది. అలాగైతే ఆ మాటే సంఘానికి చెప్పండి. అద్దె కట్టాలి, సాయం చేయండి అంటే ఇచ్చేవాళ్ళున్నారు మన దగ్గర. పస్తులుండైనా ఇస్తారు. ఆ డబ్బును రోగం భయం చూపించి తీసుకోవడం ఎందుకు?

నూనె రాసి ప్రార్థించడం మానమని నేను అడగడం లేదు. యాకోబు రాసిన తీరు చూడండి: రోగి సంఘపు పెద్దలను పిలిపించాలి, వాళ్ళు ఇంటికి రావాలి, నూనె రాసి ప్రార్థన చేయాలి. ఆ తర్వాతి వచనంలో రోగిని బాగుచేసేది విశ్వాససహితమైన ప్రార్థన అన్నాడు, నూనె అనలేదు. అక్కడ మనిషి మనిషి దగ్గరికి నడిచి వెళ్తున్నాడు. సీసా అమ్మితే ఆ నడక తప్పిపోతుంది. మా వీధి ఆవిడ ఇంటికి పెద్దలెవరైనా వెళ్ళి, దుప్పటి తీసి ఆ కాలు చూసుంటే, ప్రార్థన చేసి అదే ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళేవాళ్ళు. ఆ వేలు ఉండేది.

కాబట్టి ఫెలోషిప్ తరఫున ఒక తీర్మానం చేయండి. ప్రార్థించిన ఏ వస్తువుకూ వెల ఉండదని, కానుక అన్న పేరుతో కూడా ఉండదని. నూనె ప్రార్థన చేసే ప్రతిసారీ నూనెలో శక్తి లేదని, మాత్రలు ఆపొద్దని, డాక్టర్ చెప్పింది చేయమని మైకులో చెప్పాలని. సాక్ష్యం చెప్పేవాళ్ళను ఆస్పత్రి కాగితం అడగాలని, కనీసం నెల ఆగి స్టేజీ ఎక్కించాలని. గుణదల నడిచేవాళ్ళను గానీ, ఊళ్ళో గుడికి పోయేవాళ్ళను గానీ వెక్కిరిస్తూ అభినయాలు చేయొద్దని. విగ్రహారాధన మీద ప్రసంగించొద్దని ఎవరూ అనడం లేదు, ప్రసంగించండి, మన బల్ల నుంచి మొదలుపెట్టి.

మీలో చాలామంది ఈ ఉత్తరం చదివి ఇది మా గురించి కాదు, ఫలానా ఆయన గురించి అనుకుంటారని తెలుసు. బల్ల పెట్టింది ఒకరే కావచ్చు. కానీ స్టేజీ అందరిదీ, కరపత్రం మీద పేర్లు అందరివీ, ఆ రాత్రి గేటు దాటి వెళ్ళింది అందరూ.

మే నెలలో యవ్వనస్థుల కూటాలకు కరపత్రాలు అచ్చుకు వెళ్ళే ముందు ఒకసారి కూర్చుంటామని కార్యదర్శి గారు ఏటా చెబుతుంటారు. ఈసారి ఆ మీటింగులో ఈ ఉత్తరం చదవండి. సండే స్కూల్ టీచర్లను కూడా పిలిస్తే నేను వస్తాను, పేరు చెప్పుకునే మాట్లాడతాను. పిలవకపోయినా ఫర్వాలేదు. కూటాల మొదటి రోజు గేటు దగ్గర ఏముందో మేమంతా చూస్తాం.

ప్రభువునందు,
మీ సంఘంలోని ఒక సండే స్కూల్ టీచర్